అంగుళం ఎలుక... ఆరు పూతలు!

ఉదయం పదకొండు గంటలు. వంటింటి బల్లమీద పాత పేపరు పరిచి ఉంది. దానిమీద రెండు కప్పులు. ఒకదాంట్లో టీ, ఇంకోదాంట్లో కుంచె కడిగే నీళ్లు. నలభై ఆరేళ్ల మనిషి రెండు మోచేతులూ బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి, బొటనవేలి మొదటి కణుపంత ఉన్న బొమ్మకి తోక రంగు వేస్తున్నాడు. లేత గులాబీ రంగు. ఎలుక తోక మరి! చివరిదాకా లాగాడు. ఊపిరి వదిలాడు. కుంచె కడిగాడు... టీ కప్పులో.

ఈ పని చేసేవాళ్లలో ఆ పొరపాటు చెయ్యనివాళ్లు లేరంటారు. రంగు నీళ్లు గుటక వేసినవాళ్లూ ఉన్నారట. అది ఇంకా మేలు, కనీసం కుంచె పాడవదు!

అతనిది గుంటూరు. పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లండులో ఉంటున్నాడు. అందులో పదకొండేళ్లు నాటింగ్‌హామ్‌లోనే. సాఫ్ట్‌వేర్‌ ప్రాజెక్టు మేనేజరు. ఈ చివరి మాటకి చిన్న సవరణ ఉంది. 2024 అక్టోబరు రెండోవారం దాకా మేనేజరు. ఆ వారంలో ఒక పొద్దున పావుగంట వీడియో మీటింగు పెట్టి, 'రిడండెన్సీ' అన్నారు. ఉద్యోగం తీసేశామని చెప్పడానికి అక్కడ వాడే మర్యాదైన మాట. గుంటూరులో అయితే ఇంకాస్త సూటిగా చెబుతారు.

కొన్ని నెలలకి సరిపడా డబ్బు చేతికిచ్చారు. భార్యకి ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం ఉంది. వీసా గొడవ లేదు. కాబట్టి రోడ్డున పడ్డది లేదు. కానీ పొద్దున్నే లేచి ఎక్కడికీ వెళ్లక్కర్లేని మగవాడి పరిస్థితి ఏమిటో అది అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. గుంటూరులో ఉన్న అమ్మానాన్నలకి చెప్పలేదు. పదమూడేళ్ల కొడుక్కీ చెప్పలేదు. 'ఇంటినుంచే పని' అన్నారు. వాడు సరేనన్నాడు.

మెట్ల కింద సైన్యం

నవంబరులో ఒకరోజు వాక్యూమ్‌ క్లీనరు కోసం మెట్ల కింద అర తలుపు తీశాడు. (ఖాళీగా ఉన్నవాడికి ఇల్లు ఉన్నట్టుండి మురికిగా కనిపిస్తుంది.) దాని వెనకాల ఓ పెద్ద పెట్టె. సెప్టెంబరులో కొడుకు పుట్టినరోజుకి కొనిచ్చింది. తక్కువ ధరేం కాదు. అప్పటికి జీతం వస్తోంది కాబట్టి ఎక్కువ ఆలోచించలేదు.

మూత తీస్తే బూడిదరంగు ప్లాస్టిక్‌ చట్రాలు. చట్రాల నిండా చిన్న చిన్న కాళ్లు, చేతులు, తలకాయలు, కత్తులు. ఒక పక్షం కవచాలు తొడుక్కున్న వీరులు. రెండో పక్షం రెండు కాళ్లమీద నిలబడి కత్తులు దూసే ఎలుక మనుషులు. వాటిపేరు స్కేవెన్‌. మామూలు ఎలుక సైనికులే ఇరవై మంది. వాటిలో రెండింటిని మాత్రం అతికించి రంగు వేసి ఉన్నాయి. రంగు వేసి అనడం కంటే బెల్లంపాకంలో ముంచి తీసినట్టున్నాయి అనడం మేలు. సీసాలో ఉన్న రంగు ఉన్నట్టే పూసేశాడు పిల్లాడు. జుట్టు, పళ్లు, గుడ్డ మడతలు అన్నీ రంగు కింద మునిగిపోయాయి. పెట్టెమీద అచ్చువేసిన బొమ్మ చూశాడు. తన చేతిలో ఉన్నది చూసుకున్నాడు. మొత్తం తీసుకెళ్లి మెట్ల కింద పెట్టేశాడు.

సాయంత్రం వాడు బడినుంచి వచ్చాక అడిగాడు.

"ఎందుకు ఆపేశావురా?"

"నాకు రాదు డాడీ."

వాడు తెలుగులో మాట్లాడేదే తక్కువ. అందులో ఈ రెండు ముక్కలు మాత్రం ఎంత స్పష్టంగా వచ్చాయో! అప్పటికి తండ్రి దగ్గర తొమ్మిది కంపెనీలనుంచి వచ్చిన తొమ్మిది 'సారీ' మెయిళ్లున్నాయి. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. "నాకూ రాదు. ఓ పట్టు పడదాం రా" అన్నాడంతే. పిల్లాడు రాలేదు. ఫోను తీసుకుని మేడ మీదకి వెళ్లిపోయాడు.

దాంతో తండ్రి ఒక్కడే మొదలెట్టాడు.

ఇంతకీ ఏమిటీ బొమ్మలు?

బల్లమీద సైన్యాల్ని పరిచి, పాచికలు వేసి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ ఆడే యుద్ధం ఆట ఇది. పిల్లలాట అనుకుంటాం కానీ, 'టైమ్‌ మెషీన్‌' రాసిన హెచ్‌.జి.వెల్స్‌ అంతటివాడు 1913లో దీనికోసం 'లిటిల్‌ వార్స్‌' అని ఓ పుస్తకమే రాశాడు. లోహపు సైనికుల్ని గదిలో నేలమీద నిలబెట్టి, స్ప్రింగు ఫిరంగితో పడగొట్టే ఆట అది. తర్వాత్తర్వాత సైనికుల పక్కన భూతాలూ, మరుగుజ్జులూ, ఎలుక మనుషులూ వచ్చి చేరారు.

అలా చేర్చినవాళ్లలో పెద్ద పేరు గేమ్స్‌ వర్క్‌షాప్‌. 1975లో లండన్‌లో ముగ్గురు స్నేహితులు చెక్క ఆటపలకలు చేసి అమ్ముకోవడంతో మొదలైందా కంపెనీ. 1983లో 'వార్‌హ్యామర్‌' ఆట, 1987లో దాని అంతరిక్షపు తమ్ముడు 'వార్‌హ్యామర్‌ 40,000' తెచ్చారు. ఇప్పుడు కంపెనీ ముఖ్య కార్యాలయం నాటింగ్‌హామ్‌లోని లెంటన్‌ ప్రాంతంలోనే. ఈ ఒక్కటే కాదు. వార్‌లార్డ్‌, మ్యాంటిక్‌, పెర్రీ... ఇలా బుల్లి సైనికుల్ని పోతపోసే సంస్థలు ఆ ఊళ్లోనూ చుట్టుపక్కలా చాలా ఉన్నాయి. ఒకప్పుడు ఈ బొమ్మల్ని సీసం కలిపిన లోహంతో చేసేవారు కాబట్టి, ఆ ప్రాంతానికి ఆటగాళ్లు పెట్టిన ముద్దుపేరు 'లెడ్‌ బెల్ట్‌'.

అన్నట్టు, మన తాతలు అపురూపంగా తుడుచుకున్న రాలీ సైకిలు పుట్టిల్లు కూడా ఈ నాటింగ్‌హామే. అక్కడ సైకిళ్ల తయారీ 2002లో ఆగిపోయింది. బొమ్మల కంపెనీ మాత్రం 2024 డిసెంబరులో లండన్‌ స్టాక్‌ ఎక్స్ఛేంజిలో తొలి వంద కంపెనీల జాబితా ఎఫ్‌టీఎస్‌ఈ 100లోకి ఎక్కింది. ఉద్యోగ ప్రకటనల కోసం బిజినెస్‌ పేజీలు తిరగేస్తూ ఆ వార్త చదివాడతను. తన రంగం మనుషుల్ని వదిలించుకుంటుంటే పక్కవీధిలో ఎలుకలు అమ్మేవాళ్లు కోటలో పాగా వేశారన్నమాట! భార్యకి చెబితే, "అయితే మీరు వేసే ఎలుకలు కూడా కొంటారేమో అడగండి" అంది. హాస్యానికే. కానీ ఆ రోజుల్లో హాస్యాలు కూడా కొంచెం గుచ్చుకునేవి.

ఎలుక చెప్పిన చత్వారం

మొదటి పాఠం కత్తెరతో. బొమ్మ ముక్కల్ని చట్రం నుంచి చిన్న కటింగ్‌ ప్లయరుతో వేరుచెయ్యాలి. అచ్చు రెండు సగాలు కలిసినచోట సన్నటి గీత ఒకటి ప్రతి బొమ్మమీదా ఉంటుంది. చాకు వెనకవైపుతో దాన్ని గీకెయ్యాలి. గీకకపోతే రంగు వేశాక అదే ముందు కనబడుతుంది. తర్వాత అతికించడం. ఇది మామూలు జిగురు కాదు, ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసే జిగురు. బొట్టు ఎక్కువైతే ఎలుకతో పాటు వేలు కూడా గుర్తులు మిగుల్చుకుంటుంది. మొదటి ఎలుక వీపుమీద అతని బొటనవేలి ముద్ర ఇప్పటికీ ఉంది.

తోక ముక్క పట్టుకుని చూస్తే రెండు తోకలు కనిపించాయి. చెయ్యి దూరంగా జరిపితే ఒకటైంది. ఇంకా జరిపితే స్పష్టమైంది, కానీ అంత దూరంలో పని చెయ్యలేడు. చత్వారం! ఆఫీసులో పెద్ద స్క్రీను మీద అక్షరాలు పెంచుకుంటూ రెండేళ్లుగా నెట్టుకొచ్చిన సంగతి అప్పుడు అర్థమైంది. కళ్లజోడు షాపుకి వెళ్తే నవ్వి, "చాలా ఆలస్యంగా వచ్చారు" అన్నారు. దగ్గరి చూపుకి అద్దాలు వచ్చాయి. వాటితో చూస్తే ఎలుక మెడలో గంట కూడా ఉంది!

ఆ తర్వాతి దెబ్బ ప్రైమర్‌ది. ప్లాస్టిక్‌మీద రంగు సరిగ్గా పట్టదు. అందుకని ముందు స్ప్రే డబ్బాతో ఓ పలుచని పూత కొట్టాలి. కిటికీలు మూసిన ఇంట్లో కొడితే ఇంటిల్లిపాదీ దగ్గాలి. అందుకని డిసెంబరు చలిలో పెరట్లోకి వెళ్లి, అట్టముక్క మీద ఐదు ఎలుకల్ని నిలబెట్టి కొట్టాడు. పొగమంచు దిగుతోంది. లోపలికి తెచ్చి చూస్తే ఐదింటి ఒళ్లూ గరుకు కాగితంలా ఉంది. చల్లటి తేమగాలిలో స్ప్రే బొమ్మని చేరేలోపే తుంపరలు అటూ ఇటూ గడ్డకడితే అంతే. ఐసోప్రొపైల్‌ ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెట్టి, పాత టూత్‌బ్రష్షుతో తోమితే చాలామటుకు వదిలింది. ఓ ఎలుకకి చెవి కూడా వదిలింది. ఎండ కాసిన మధ్యాహ్నం కోసం ఆరురోజులు ఆగాడు. ఇంగ్లండులో డిసెంబరు ఎండ కోసం ఆగడమంటే తపస్సే.

పలుచగా... మళ్లీ పలుచగా

రంగు వేసేవాళ్లంతా జపించే మంత్రం ఒకటే. ఒక్క మందపాటి పూతకన్నా రెండు పలుచని పూతలు మేలు. రంగుని సీసాలోంచి నేరుగా బొమ్మకి పూయకూడదు. కాస్త నీళ్లు కలిపి పాలలా చేసుకోవాలి. మొదటి పూత వేస్తే కింద ప్రైమర్‌ మరకలు మరకలుగా కనబడుతూనే ఉంటుంది. అక్కడే చెయ్యి ఆగదు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పూస్తాం. పిల్లాడు చేసింది అదే. మరకల్ని అలాగే వదిలేసి, ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమే ఈ పనిలో కష్టమైన భాగం. రెండో పూత వేశాక చూస్తే మరకలు మాయం. గీతలూ మడతలూ ఎక్కడివక్కడే.

కలిపిన రంగు ఆరిపోకుండా తడి పళ్లెం ఒకటి కావాలి. షాపులో అమ్ముతారు. అతను కొనలేదు. ఇండియన్‌ స్టోర్లో మిఠాయి కొన్న ప్లాస్టిక్‌ డబ్బా తీసుకుని, అడుగున తడిపిన కిచెన్‌ పేపరు మడతలేసి, పైన కేకులు కాల్చే కాగితం పరిచాడు. మూత పెడితే రంగు మర్నాటికి కూడా పచ్చిగానే ఉంది. కుంచెల్లోనూ అంతే. 1866లో విక్టోరియా రాణి కోసం చేశారని చెప్పే సేబుల్‌ వెంట్రుకల కుంచెలు ఇప్పటికీ అమ్ముతున్నారు. ఉద్యోగం లేనివాడికి రాణిగారి కుంచె ఎందుకు? కృత్రిమ వెంట్రుకలవి మూడు కొన్నాడు. అందులో అతి సన్నటిది దండగ అయింది. బొమ్మ చిన్నది కదాని కొత్తవాళ్లంతా ముందు అదే కొంటారు. ఇంత రంగు తీసుకుంటే బొమ్మ దగ్గరికి వెళ్లేలోపే మొనమీద ఆరిపోతుంది. కుంచె లావు ముఖ్యం కాదు, మొన ముఖ్యం.

ఆ మొన కోసం చాలామంది కుంచెని నాలుకమీద తిప్పుతారు. అతనివల్ల కాలేదు. రంగు లోపలికి పోతుందన్న భయం ఒకటి. అంతకన్నా పెద్దది, ఎంగిలి! చిన్నప్పుడు పోస్టుకవరు నాలుకతో తడిపితేనే వాళ్లమ్మ ఊరుకునేది కాదు. తడి కాగితంమీద తిప్పుకోవడం నేర్చుకున్నాడు.

బొమ్మని చేత్తో పట్టుకుంటే వేళ్లజిడ్డుకి రంగు లేచిపోతుంది. మందుల ఖాళీ సీసామీద బంకముద్దతో నిలబెట్టి, సీసాని పట్టుకోవాలి. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించాలి. అప్పుడు చేతులు రెండూ ఒకేసారి వణుకుతాయి కాబట్టి, వణుకు తెలియదు.

ఇక అసలైన వింత మూడో మెట్టులో ఉంది. రెండు పూతలయ్యాక ఎలుక ఎలా ఉంటుందంటే... గోధుమరంగు ఒళ్లు, ఎర్రగుడ్డ, బూడిద కత్తి. అంతా చదునుగా, మూడు చాక్లెట్‌ కాగితాలు అతికించినట్టు ఉంటుంది. చూస్తే ఏడుపొస్తుంది. ప్రతి బొమ్మా ఈ దశ దాటాల్సిందే. అనుభవం ఉన్నవాడు కూడా దీన్ని తప్పించుకోలేడు. కాకపోతే ఇది దశ అని అతనికి తెలుసు, కొత్తవాడికి తెలియదు. ఇదే ఫలితమనుకుంటాడు. ఇప్పుడు నీళ్లలాంటి ముదురు గోధుమ 'వాష్‌' ఒకటి బొమ్మంతా పారించాలి. పారించిన నిమిషానికి మొత్తం నాశనమైందనిపిస్తుంది. ముట్టుకోకూడదు. అరగంట తర్వాత చూస్తే ఆ మురుగంతా గుంటల్లోకి దిగి, మిట్టలు పైకి తేలి, జుట్టు జుట్టులా, పక్కటెముకలు పక్కటెముకల్లా లేచి నిలబడతాయి. ఆపైన డ్రై బ్రషింగ్‌. లేతరంగు కుంచెకి అద్దుకుని, ఇంక ఏమీ లేదనిపించేదాకా కాగితానికి తుడిచేసి, ఆ 'ఏమీ లేని' కుంచెతో జుట్టుమీద దువ్వినట్టు ఆడించాలి. వెంట్రుకల కొనలు మాత్రమే ఆ రంగు పట్టుకుంటాయి. చివర్లో రంగు లేచిపోకుండా వార్నిష్‌. ప్రైమర్‌, పలుచని పూతలు రెండు, వాష్‌, డ్రై బ్రషింగ్‌, వార్నిష్‌. అంగుళం ఎలుకకి ఆరు పూతలు! తోక, గోళ్లు, కళ్లల్లో ఎర్రచుక్క అదనం.

ఒకందుకు అతనికి అదృష్టం కలిసొచ్చింది. ఈ ఎలుకలు మురికికాలవల్లో బతికే జాతి. చెయ్యి వణికి రంగు చిందితే మురికిలో మురికి. తుప్పుపట్టిన కత్తికి గోధుమరంగు మరకలే అలంకారం. మొదటిసారి కుంచె పట్టినవాళ్లకి తెల్లగుర్రంమీద రాజకుమారి కన్నా ఎలుక వెయ్యిరెట్లు నయం.

ఎక్సెల్‌లో ఎలుకలు

ఒక ఎలుక బాగానే కుదిరాక మేనేజరు బుద్ధి పైకి లేచింది. మిగిలినవి పదిహేడు. పెయింటింగ్‌కి ఎక్సెల్‌ షీటు వేశాడు! అడ్డంగా పనులు, నిలువుగా ఎలుకలు. ఒక్కో రంగూ పదిహేడింటికీ ఒకేసారి వేస్తే సమయం కలిసొస్తుందని లెక్క. లెక్క తప్పేం కాదు. కానీ పదిహేడు జతల కాళ్లకి వరసగా ఒకే రంగు వేశాక, పదిహేడు నడికట్లు ఎదురుచూస్తుంటే, మనిషికి బతుకుమీదే విరక్తి పుడుతుంది. రెండు రోజులైనా ఒక్క ఎలుకా పూర్తవలేదు. పదిహేడూ అదే దిక్కుమాలిన దశలో వరసగా నిలబడి అతని వంక చూస్తున్నాయి.

అదిగో, అప్పుడొచ్చాడు పిల్లాడు. నీళ్లు తాగడానికి వచ్చి, బల్లవైపు చూసి ఆగాడు.

"ఐదైదు వెయ్యి డాడీ. అందరూ అలాగే చేస్తారు. ఐదు అయిపోతే హ్యాపీగా ఉంటుంది."

"నీకెలా తెలుసురా?"

"చదివాను... ఆపేసే ముందు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎక్సెల్‌ షీటు చూసి నవ్వాడు. రెండో కుంచె తీసుకున్నాడు. వాష్‌ వేస్తే ఏమవుతుందో వాడు ఎప్పుడూ చూడలేదు. వాడు ఆగిపోయింది దానికి ముందు మెట్టు దగ్గరే. అరగంట ఆగి ఎలుకని చేతిలోకి తీసుకుని, దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. "వావ్‌" అన్నాడు, చాలా మెల్లగా.

ఆ రోజునుంచి రాత్రి భోజనాలయ్యాక గంటసేపు తండ్రీకొడుకులిద్దరూ బల్ల దగ్గర. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోమంటే పదమూడేళ్ల పిల్లాడు పది మాటలు మాట్లాడడు. అదే ఇద్దరి కళ్లూ ఎవరి ఎలుకమీద వాళ్లకుంటే, మాటలు వాటంతటవే వస్తాయి. బడిలో గొడవలు, లెక్కల టీచరు, స్నేహితుడి అమ్మానాన్నలు విడిపోవడం. కారు నడుపుతున్నప్పుడు పిల్లలు ఎక్కువ మాట్లాడతారని తల్లిదండ్రులు చెబుతుంటారు. ఇదీ అలాంటిదే కావచ్చు. ఒక రాత్రి ఎలుక పంటికి తెల్లచుక్క పెడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు వాడు.

"నీ జాబ్‌ పోయిందని నాకు అక్టోబర్లోనే తెలుసు డాడీ."

తండ్రి కుంచె ఆగింది. గొంతు సవరించుకుని, "మరి అడగలేదేం?" అన్నాడు.

"నువ్వు చెప్తావని."

కాసేపు ఇద్దరూ రంగులు వేసుకున్నారు. తర్వాత తండ్రి చెప్పాడు. పావుగంట మీటింగు గురించి, తొమ్మిది మెయిళ్ల గురించి (అప్పటికి పద్నాలుగు), ఇంట్లో డబ్బు ఎంతకాలం వస్తుందో కూడా. వాడు రెండే ప్రశ్నలు అడిగాడు. ఇల్లు మారాలా? బామ్మకి తెలుసా? మొదటిదానికి అక్కర్లేదన్నాడు. రెండోదానికి జవాబు చెప్పలేదు.

కొలువులో ఎలుకలు

2025 సంక్రాంతి. గుంటూరులో సాయంత్రం నాలుగున్నర, నాటింగ్‌హామ్‌లో ఉదయం పదకొండు. అమ్మ ఏటా పెట్టే బొమ్మల కొలువు చూపిస్తానని వీడియో కాల్‌ చేసింది. ఇటువైపు అతను టీ కప్పులో కుంచె ముంచిన రోజు అదే. ఫోనుని పంచదార డబ్బాకి ఆనించి మాట్లాడుతున్నాడు. కొండపల్లి ఏనుగు అంబారీ, దశావతారాలు, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ... మెట్టుమెట్టుకీ ఫోను తిప్పి చూపించింది. ఏనుగు తొండానికి రంగు లేచిందని వాళ్ల నాన్న అగరబత్తి పుల్లకి దూది చుట్టి రంగు వేశారట. అతనికి నవ్వొచ్చింది. ఇక్కడ మూడు కుంచెలు కొనాల్సి వచ్చింది!

ఆవిడ కళ్లు అప్పటికే బల్లమీద పడ్డాయి.

"అబ్బాయ్‌, అవేంటి? నువ్వూ కొలువు పెట్టావా?"

"కొలువు కాదమ్మా, పిల్లాడివి. ఎలుకలు."

"ఎలుకలా! వినాయకుడి ఎలుకలా?"

"వినాయకుడి చేతిలోంచి కూడా తప్పించుకున్నవి అమ్మా ఇవి."

ఆవిడ నవ్వింది. ఒకటి దగ్గరగా పెట్టమంది. చూసింది. ఆ చూపు చిన్నదేం కాదు. నలభై ఏళ్లు ఇంటిముందు చుక్కల ముగ్గులు పెట్టిన చేతులవి. "తోక బాగా లాగావు, ఎక్కడా ఆగలేదు" అంది. అని, కాసేపాగి, "ఇవాళ మంగళవారం కదరా. ఆఫీసు లేదా?" అంది.

లీవు అని చెప్పొచ్చు. ఇంటినుంచే పని అనొచ్చు. మూడు నెలలుగా అలాంటివి చాలా చెప్పాడు. చేతిలో తడి కుంచె ఉంది, టీ కప్పులో గులాబీరంగు తేలుతోంది. "లేదమ్మా. తీసేశారు. అక్టోబర్లో" అన్నాడు.

అవతల కొలువు ముందు పేరంటానికి ఎవరో వచ్చిన చప్పుడు. ఆవిడ ఫోను పట్టుకుని వెనకగదిలోకి వెళ్లింది. ఏడవలేదు. "అన్నం తింటున్నావా?" అంది. "నాన్నగారికి నేను చెబుతాలే, నువ్వు చెప్పకు, ఆయన బీపీ సంగతి నాకు తెలుసు" అంది. పెట్టేసే ముందు మాత్రం, "మూడు నెలలు ఒక్కడివీ ఎలా మోశావురా?" అంది. దానికి అతని దగ్గర సమాధానం లేదు. ఆ పూట ఇంకో ఎలుకకి తోక వెయ్యడం కుదరలేదు.

మూడడుగుల నియమం

పెర్రీ బొమ్మల సంస్థ సోదరుల్లో ఒకరైన మైకేల్‌ పెర్రీ కథ ఈ బొమ్మల లోకంలో అందరికీ తెలుసు. పేరున్న శిల్పి. 1996లో ఫ్రాన్సులో పాతకాలపు యుద్ధాన్ని ప్రదర్శనగా చూపిస్తుంటే ఫిరంగి ప్రమాదంలో కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో బొమ్మలు మలచడం మళ్లీ మొదట్నుంచి నేర్చుకున్నారు. ఆ చేత్తోనే పనిచేస్తూ వచ్చారు. ఈ సంగతి పిల్లాడు చెబితే తండ్రి కాసేపు తన రెండు చేతులూ చూసుకున్నాడు. వెంటనే గొప్ప స్ఫూర్తి వచ్చేసిందని రాస్తే అబద్ధం. ఆ రాత్రి కూడా ఎలుక కన్ను వంకరగానే వచ్చింది. కాకపోతే వంకర కన్నుకి ఏం చెయ్యాలో అప్పటికి తెలుసు. చేతిదూరంలో నిలబెట్టాలి. ఆటగాళ్లు దీన్ని 'మూడడుగుల నియమం' అంటారు. మూడడుగుల దూరంనుంచి బాగుంటే బొమ్మ బాగున్నట్టే. బల్లమీద ఎలాగూ అంతకన్నా దగ్గరగా ఎవరూ చూడరు.

ఫిబ్రవరి చివరికి పద్దెనిమిది పూర్తయ్యాయి. మిగిలినవి పిల్లాడు మొదట్లో బెల్లంపాకంలో ముంచిన ఆ రెండు. వాటినీ ఆల్కహాల్‌లో వేసి తోమేసి మళ్లీ వేద్దామన్నాడు తండ్రి. సీసా కూడా తీశాడు.

"వద్దు" అన్నాడు పిల్లాడు. "అవలాగే ఉండనీ."

వాటిని వెనక వరసలో పెట్టాడు.

మార్చిలో తండ్రికి డెర్బీలో ఓ ఉద్యోగం దొరికింది. ఏడాది కాంట్రాక్టు. జీతం పాతదానికన్నా తక్కువ, కింద పనిచేసేవాళ్లెవరూ లేరు, తనే కూర్చుని పని చెయ్యాలి. చేరేముందు ఆదివారం తండ్రీకొడుకులు మొదటిసారి ఆట ఆడారు. వంటింటి బల్లమీద పుస్తకాలు పేర్చి కొండలు చేశారు. పాత డబ్బాలు గోడలయ్యాయి. తండ్రి ఎలుకలు, పిల్లాడు కవచాల వీరులు. (వీరులకి ఇంకా రంగు వెయ్యలేదు.) భార్య ఓ పక్కన కూరగాయలు తరుగుతూ తీర్పరిగా కూర్చుంది. ఆమెకి నియమాలేవీ తెలియవు.

పిల్లాడు పాచికలు వేశాడు. లెక్కపెట్టాడు. ఎనిమిది ఎలుకలు చచ్చాయి, మొదటి వంతులోనే! ఒక్కోదానికి మూడేసి గంటలు. ఒకదాని తోక సంక్రాంతి నాటిది. తండ్రి ముఖం చూసి భార్యకి నవ్వాగలేదు.

"అదేంట్రా, అప్పుడే ఎనిమిదా?"

"డాడీ, అవి ఎలుకలు. అవి చావడానికే."

"అయితే ముందు వెనకవరసవి తియ్యి."

"నీ ఇష్టం. ఏవి తియ్యాలో నువ్వే చూసుకోవాలి" అన్నాడు వాడు.

తండ్రి వెనక వరసవైపు చెయ్యి చాచాడు. అక్కడ ఆ రెండూ ఉన్నాయి, లావుగా, ముద్దముద్దగా. చెయ్యి వెనక్కి తీసుకుని, ముందు వరసలోంచి ఎనిమిది తీసి, ఒక్కొక్కటీ కిచెన్‌ పేపరులో చుట్టి మిఠాయి డబ్బాలో పెట్టడం మొదలెట్టాడు.

"తొందరగా డాడీ, నీ వంతు."